గోధుమ గడ్డియు, పెరటి ఆకుకూరయు

తెలుగు నుడికారమునందు గడ్డికి గౌరవము తక్కువ. ఒకరిని లెక్కచేయకుండుటను తృణీకరించుట యందురు. విలువలేని వస్తువును గడ్డిపోచతో పోల్చుదురు. చేయరాని పని చేసినవాడు గడ్డి తిన్నాడని నిందింతురు. కాని వృక్షశాస్త్రజ్ఞుని దృష్టితో చూచినచో మానవజాతిలో అధికభాగము అనుదినము భుజించునది గడ్డిగింజలనే. వరి, గోధుమ, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న - ఇవి యన్నియు తృణజాతి మొక్కలే. తృణధాన్యమను మాట ఆ సత్యమును తనలో దాచుకొనియే యున్నది.

గింజ మనుష్యునకు, ఆకు పశువునకు అనునది అనాదిగా వచ్చిన పంపకము. ఇటీవలి కాలమున ఆ పంపకము కొంత తారుమారైనది. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో వేకువనే నడకకు వచ్చువారికై ఉద్యానవనముల వాకిళ్ళయొద్ద గోధుమ గడ్డి రసము అమ్మువారు కానవత్తురు. కొందఱు ఇంటి మేడమీదనే పళ్ళెములలో గోధుమ నారు పెంచి, కోసి, నూఱి, వడగట్టి త్రాగుచున్నారు. ఎండబెట్టిన పొడియు, మాత్రలును అంగళ్ళలో లభించుచున్నవి. దానితోపాటు ముడిధాన్యములు, సేంద్రియాహారము అను మాటలు ఇంటింట వినవచ్చుచున్నవి. ఈ మార్పునందు మేలెంత, భ్రమ యెంత అని విచారించుట అవసరము. ఆహారవిషయమున భ్రమ కేవలము ధననష్టముతో ముగియదు; ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి వచ్చును.

నిజమునకు గోధుమ నారు తెలుగునాటికి క్రొత్త వస్తువు కాదు. తెలంగాణమునందలి లంబాడీ తండాలలో శ్రావణమాసమున తీజ్ పండుగకు పెండ్లికాని బాలికలు బుట్టలలో మట్టిపోసి గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరుపోసి పెంచుదురు. ఆ పచ్చని నారును తలలపై నెత్తుకొని పాటలు పాడుచు తుదకు నీట కలుపుదురు. పెండ్లిండ్లలో పాలికలయందు నవధాన్యములు మొలకెత్తించు అంకురార్పణము తెలుగువారందఱికిని పరిచితమే. ఆ మొలక వారికి మంగళచిహ్నము, పంట మీది ఆశ. అది సర్వరోగనివారిణి యను భావము మాత్రము సముద్రముల కావలినుండి వచ్చినది.

కాన్సస్ కోళ్ళు

1930 ప్రాంతమున అమెరికా ఆర్థికమాంద్యముచే కుంగియుండెను. ఆ కాలమున కాన్సస్ ప్రాంతమున చార్లెస్ ష్నాబెల్ అను వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త యుండెను. జబ్బుపడిన కోళ్ళకు ఆయన లేత ధాన్యపు గడ్డిని కోసి పెట్టెను. అవి కోలుకొనుటయే గాక మునుపటికంటె ఎక్కువగా గ్రుడ్లు పెట్టినవి. కోడికి మేలుచేసినది మనుష్యునకు ఏల చేయదని తలచి, గడ్డిని ఎండబెట్టి పొడిచేసి తన కుటుంబమునకును ఇరుగుపొరుగు వారికిని పంచిపెట్టెను. 1940 నాటికి ఆ పొడి డబ్బాలు అమెరికా, కెనడా దేశముల ఔషధశాలలలో విక్రయింపబడుచుండెను.

ష్నాబెల్ చెప్పిన విషయములలో ఒకటి గమనింపదగినది. గోధుమ మొక్క కణుపు కట్టుటకు ముందు, ఆకు మిక్కిలి లేతగా నున్న దశలోనే దానియందు పోషకపదార్థములు అత్యధికముగా నుండునని ఆయన నిరూపించెను. అయితే ఆయన గడ్డి చలికాలమంతయు పొలమున మెల్లమెల్లగా పెరిగిన గడ్డి. నేడు మేడమీద పళ్ళెమున వారము పది దినములలో ఎదుగు గడ్డి వేరు. పేరు ఒక్కటే యైనను పెంపకము ఒక్కటి కాదు.

ఒక పౌను గోధుమ గడ్డి 23 పౌనుల కూరగాయలతో సమానమను మాట నేటికిని ప్రచారమునందున్నది. ఎండిన పొడిని నీటితో నిండిన పచ్చి కూరగాయతో తూచినచో ఏ ఆకునకైనను ఇట్టి ఘనత అబ్బును. మునగాకును ఎండబెట్టి పొడిచేసి పచ్చి సొరకాయతో పోల్చి చూచిన, అదియు అద్భుతముగనే తోచును. తాజా రసమును తాజా ఆకుతో పోల్చుట న్యాయము. అట్లు పోల్చినప్పుడు, సుమారు 28 గ్రాముల గోధుమ గడ్డి రసమునందు మాంసకృత్తులు ఒక గ్రామునకు లోపుగనే యుండును. అంతే తూకముగల పాలకూరయందును ఇంచుమించు అంతే యుండును. ఇనుము విషయమునను రెంటికిని చెప్పుకోదగిన భేదము లేదు. అనగా గోధుమ గడ్డి మంచి ఆకుకూరలలో ఒక ఆకుకూర. అంతకు తక్కువ కాదు, అంతకు ఎక్కువయు కాదు.

పచ్చని రక్తమను ఊహ

ఈ గడ్డికి ప్రపంచవ్యాప్తమైన ప్రసిద్ధి తెచ్చినది యాన్ విగ్మోర్. ఆమె 1909లో లిథువేనియా దేశమున జన్మించి అమెరికాకు వలసవచ్చెను. బోస్టన్ నగరమున హిప్పోక్రటీస్ పేరిట ఒక ఆరోగ్యసంస్థను నెలకొల్పి, వండని ఆహారమును, మొలకలను, గోధుమ గడ్డి రసమును బోధించెను. ఆమె బోధనలో మంచి లేకపోలేదు. డబ్బాలలోని ఆహారమునకు, పంచదారకు, తెల్ల రొట్టెకు అలవాటుపడిన అమెరికా ప్రజలను ఆమె పచ్చని ఆకులవైపు త్రిప్పెను. కాని అచ్చట ఆగలేదు. ఆమె పద్ధతివలన మధుమేహరోగులకు ఇన్సులిను అవసరము తగ్గుననియు, తొలగిపోవుననియు చాటుట చేత 1982లో మసాచుసెట్స్ రాష్ట్రప్రభుత్వ న్యాయాధికారి ఆమెపై అభియోగము తెచ్చెను. ఎయిడ్స్ వ్యాధి నయమగునను మాటపై 1988లో మఱల వ్యాజ్యము నడచెను. వైద్యురాలినని చెప్పుకొనరాదని న్యాయస్థానము ఆమెను ఆదేశించెను. 1994లో అగ్నిప్రమాదమున ఆమె మరణించెను. ఆమె మాటలు మాత్రము నేటికిని గడ్డిరసపు గ్లాసులతోపాటు చేతులు మారుచునే యున్నవి.

వానిలో మిక్కిలి మనోహరమైనది పచ్చని రక్తమను ఊహ. ఆకునకు పచ్చదనమిచ్చు పత్రహరితము, రక్తమునకు ఎఱ్ఱదనమిచ్చు హీమ్ అను పదార్థము - ఈ రెంటి నిర్మాణమునందును పోలిక కలదు. ఇది కల్పన కాదు. పత్రహరితముపై కృషికి విల్‌స్టాటర్‌కు 1915లోను, ఈ రెండు వర్ణకముల నిర్మాణముపై కృషికి హాన్స్ ఫిషర్‌కు 1930లోను నోబెల్ బహుమతులు లభించినవి. రెండింటియందును ఒకే రీతి వలయము; ఆకులోని వలయము నడుమ మెగ్నీషియము, రక్తములోని వలయము నడుమ ఇనుము. ఈ పోలికను చూచి, ఆకురసము త్రాగినచో మెగ్నీషియము తొలగి ఇనుము చేరి అది నేరుగ రక్తమగునని ప్రచారకులు చెప్పుదురు.

కవికి ఈ ఉపమానము చాలును, శరీరమునకు చాలదు. శరీరము హీమ్‌ను తనంతట తాను చిన్న చిన్న అణువులనుండి నిర్మించుకొనును. పత్రహరితమును తెచ్చి రక్తమున అతికించుకొనదు. దానికి కావలసినవి ఇనుము, మాంసకృత్తులు, ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను మొదలైనవి. ఇందు బి-12 విటమినును గోధుమ గడ్డి ఇవ్వజాలదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలు దాని స్థానములు. అట్లే గడ్డిలోని జీవరసాయనములగు ఎంజైములు శరీరమునకు చైతన్యమిచ్చునను వాదమును నిలువదు. ఎంజైములు మాంసకృత్తులే, కడుపులో పడినపిమ్మట పప్పులోని మాంసకృత్తులవలె అవియు జీర్ణమైపోవును.

శాస్త్రజ్ఞులు ఈ గడ్డిని పరీక్షింపక త్రోసిపుచ్చిరనుట సరికాదు. పెద్దప్రేగు పుండు వ్యాధిగల 23 మందిపై ఇజ్రాయెలులో జరిపిన పరిశీలన 2002లో వెలువడెను. కొంత ఉపశమనము కనిపించెను. చండీగఢ్ వైద్యులు తలసీమియా వ్యాధిగల 16 మందికి ఈ రసము నిచ్చి చూడగా, వారిలో సగముమందికి రక్తమెక్కించు అవసరము కొంత తగ్గినదని 2004లో ప్రకటించిరి. అనంతరము ప్రచురితమైన మఱియొక పరిశీలనయందు అట్టి ఫలితము కానరాలేదు. పదిమంది ఇరువదిమందిపై జరిగిన పరీక్ష ఒక ప్రశ్నను లేవనెత్తును, సమాధానము చెప్పదు. ఈ భేదమును విద్యార్థులు గ్రహించినచో సగము మోసములు తమంతట తామే తొలగును.

ఆకులోని ఆమ్లము

రక్తహీనతకు ఆకు ఔషధమనుట భ్రమ కాదు. ఆ సత్యమును కనుగొన్నవారి చరిత్రయందు ఒక తెలుగువాని పేరు కలదు. విగ్మోర్ సంస్థ వెలయుటకు దశాబ్దముల ముందే, అదే బోస్టన్ నగరమునకు, హార్వర్డు వైద్యవిద్యాలయమునకు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చేరెను. ఆయన వెనుక ఒక విషాదమున్నది. స్ప్రూ అను గ్రహణివ్యాధి కొద్దిదినముల వ్యవధిలోనే ఆయన సోదరులనిద్దఱను బలిగొనెను. ఆయనకును ఆ వ్యాధి సోకెను. ఆయుర్వేదవైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రదికెను. అన్నము తిన్నను ఒంటబట్టక, రక్తము క్షీణించి మనుష్యుడు కృశించు ఆ వ్యాధికి మూలమేమను ప్రశ్న ఆయనను జీవితాంతము వీడలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము అనేకులు అనేక దేశములలో వెదకిరి. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బట్టలమిల్లులలో పనిచేయు గర్భవతులను పీడించు రక్తహీనతకు ఈస్టు సారము గుణమిచ్చుటను గమనించెను. అందున్న పదార్థమేదో అప్పటికి తెలియలేదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక ఆమ్లమును అత్యల్పపరిమాణమున వేఱుచేసిరి. ఆకునకు లాటిను భాషలో ఫోలియం అని పేరు. ఆకునుండి పుట్టినది కనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. టన్నులకొలది ఆకునుండి చిటికెడు మందు తీయుట రోగులకు ఉపకరించు పని కాదు. 1945లో సుబ్బారావు నాయకత్వమున లెడర్లే పరిశోధనాలయమువారు దానిని రసాయనశాలయందే తయారుచేయగలిగిరి. తన సోదరులను హరించిన వ్యాధికే అది మందుగా పనిచేయుట ఆయన కన్నులార చూచెను. 1948లో, 53 ఏండ్ల వయస్సున, న్యూయార్కులో ఆయన మరణించెను.

నేడు పాఠశాలలలో వారమున కొకసారి ఉపాధ్యాయులు బాలబాలికలచే మ్రింగించు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను అయిష్టముగా చూచు విద్యార్థినికి, దానివెనుక భీమవరపు బాలుడొకడున్నాడని చెప్పినచో అది చేదు మందుగా తోచదు. ఈ మాత్ర యవసరము చిన్నది కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందియు, తెలంగాణమున 57.6 మందియు రక్తహీనులు. పచ్చని పొలముల నడుమ పాలిపోయిన ముఖములు!

తౌడుతో పోయిన ప్రాణములు

ఆకు సంగతి యట్లుండగా, గింజ సంగతి ఇంకను విచారకరమైనది. ఈ కథయందును కోళ్ళున్నవి. 1890ల నాటికి జావా ద్వీపమున బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. కాళ్ళు చచ్చుబడి, ఒళ్ళు ఉబ్బి, గుండె ఆగి రోగులు మరణించుచుండిరి. దానికి సూక్ష్మజీవి కారణమని తలచి వెదకుచున్న ఐక్‌మన్ అను డచ్చి వైద్యుని ఆవరణములోని కోళ్ళకును కాళ్ళు పడిపోయెను. కొన్నాళ్ళకు అవి వింతగా కోలుకొనెను. ఆరా తీయగా, సైనికుల ఆసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నమును వానికి వేయుచుండిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సర్కారు అన్నము కోళ్ళకు వేయరాదని మానిపించగా, వానికి ముడిబియ్యము వేసిరనియు తెలిసెను. వ్యాధి గాలిలో లేదు, నీటిలో లేదు. బియ్యముపై పొర తొలగించుటలో నున్నది. ఆ పొరలోని పదార్థమును వెదకుచునే 1912లో ఫంక్ విటమిను అను పేరును సృష్టించెను. 1926లో తౌడునుండి ఆ విటమినును, అనగా థయామిను అను బి-1ను, శుద్ధరూపమున తీయగలిగిరి. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చెను.

ఈ వృత్తాంతము జావాతో ముగియదు. భారతదేశమున బెరిబెరి ముఖ్యముగా పట్టిపీడించినది తెలుగునేలనే. నాటి మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాలు ఈ వ్యాధికి నిలయములు. కూనూరు పరిశోధనాలయమున మెకారిసన్, తరువాత ఐక్రాయిడ్ మొదలగువారు దీనికి కారణమును పరిశీలించిరి. తమిళ, మలయాళ దేశములందు ప్రజలు ఉప్పుడు బియ్యము తినుచుండిరి. ధాన్యమును నానబెట్టి ఉడికించునప్పుడు పైపొరలోని విటమిను గింజలోనికి ఇంకును. పిమ్మట మర పట్టినను పూర్తిగా పోదు. సర్కారు జిల్లాలవారికి పచ్చిబియ్యముపై మక్కువ. రోటిలో రోకటితో దంచుకొన్నంతకాలము తౌడుపొర కొంత నిలిచి వారిని కాపాడినది. మరలు వచ్చి బియ్యము మల్లెపూవువలె తెల్లబడగా రక్షణ తొలగిపోయినది. తల్లి పైకి ఆరోగ్యవంతురాలుగా కనిపించుచుండగనే, పాలలో ఆ విటమిను లోపించి నెలల పసికందులు హఠాత్తుగా మరణించుచుండిరి. తెల్లని అన్నము సంపన్నతకు చిహ్నమని మురిసిన యిండ్లలోనే ఉయ్యాలలు ఖాళీయయ్యెను.

ముడిబియ్యమునందలి థయామినులో నాలుగైదు వంతులకు ఒక్క వంతు మాత్రమే బాగుగా మరపట్టిన బియ్యమున నిలుచును. మిగిలినదానిలో కొంత కడుగు నీటితో, కొంత వార్చిన గంజితో పోవును. తెలుగింటి వంటయింటిలో ఈ మూడును, తౌడు, కడుగు, గంజి, కుడితిగోలెమున చేరి గేదెకు దక్కుచుండెను. విటమినుల లెక్క చూచినచో ఆ యింట యజమానునికంటె గేదెయే మేలైన భోజనము చేసినది! మితముగా నీరుపోసి వార్చకుండ అత్తెసరు పెట్టుట, బియ్యమును పదేపదే కడుగకుండుట అను చిన్న జాగ్రత్తలు ఎంత విలువైనవో దీనివలన తెలియును. ఆహారము మెరుగుపడి, వైద్యము వ్యాపించి, నేడు బెరిబెరి ఆ జిల్లాలను విడిచినది. అది నేర్పిన పాఠమును మాత్రము విడువరాదు. ఆ పాఠము నేర్పిన కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేరున తార్నాకయందు వెలయుచున్నది.

ఏ యొక్కటియు చాలదు

ముడిధాన్యమనగానే దంపుడు బియ్యమొక్కటే కాదు. రాగులు 100 గ్రాములలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మరపట్టిన బియ్యమున పది మిల్లీగ్రాములైనను ఉండదు. సజ్జలలో ఇనుము, జొన్నలలో పీచు, కొఱ్ఱలలో మాంసకృత్తులు తెల్లబియ్యముకంటె మెరుగు. ఒకప్పుడు పేదల తిండియని చిన్నచూపు చూచిన ఈ ధాన్యముల పేరిట, భారతదేశపు ప్రతిపాదనపై, ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా పాటించెను. ఆ గౌరవమునకు ఎంతో ముందుగనే, జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, అధికులు దళిత కుటుంబములవారు, బీడుపడిన ఎఱ్ఱనేలలలో పలురకముల పంటలు కలిపి విత్తుచు, తాతలనాటి విత్తనములను కాపాడుచు వచ్చిరి. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ పురస్కారము నిచ్చెను.

అయినను చిరుధాన్యమే సర్వస్వమనుటయు మఱియొక భ్రమ. దక్కను పీఠభూమియందు జొన్నయే ప్రధానాహారముగా జీవించిన పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కానవచ్చుచుండెను. ఎండ తగిలిన చర్మము నల్లబడి పొలుసులు రేగు ఆ వ్యాధికి, జొన్నలో ల్యూసిను అను పదార్థము అధికముగా నుండుట ఒక కారణమని 1960లో డాక్టరు గోపాలన్, శ్రీకాంతయ్యగారలు ప్రతిపాదించిరి. జొన్న చెడ్డది కాదు. జొన్న యొక్కటే తినుట చెడ్డది. అదే జొన్నరొట్టెకు పప్పు, ఆకుకూర, పెరుగు తోడైనప్పుడు అది ఉత్తమభోజనము. బియ్యమునకు వర్తించిన న్యాయము జొన్నకును, జొన్నకు వర్తించిన న్యాయము గోధుమ గడ్డికిని వర్తించును.

సేంద్రియాహార విషయమునను ఇట్టి వివేకమే కావలెను. రసాయనపు ఎరువులు, పురుగుమందులు లేక పండిన పంటయందు మందుల శేషము తక్కువ; నేలకును, పొలమున పనిచేయువారికిని అది మేలు. ఆంధ్రప్రదేశమున 2016నుండి ప్రకృతి వ్యవసాయము ప్రభుత్వప్రోత్సాహముతో గ్రామములలో వ్యాపించుచున్నది. పట్టణమున కొనువారు సరకు పొట్లముపై జైవిక్ భారత్ చిహ్నమును చూచుకొనవచ్చును. కాని సేంద్రియమైనంతమాత్రమున తెల్లబియ్యము ముడిబియ్యము కాజాలదు. సేంద్రియపు బెల్లము తిన్నను మధుమేహరోగికి కీడే. ఖరీదైన సేంద్రియపు పొట్లము కొనలేమని బాధపడి ఆకుకూర మానుకొనుటకంటె, సంతలో దొరకు తోటకూరను ఉప్పునీట బాగుగా కడిగి వండుకొనుట వేయిరెట్లు మేలు.

విస్తరిని నింపు మార్గము

ఇక గోధుమ గడ్డి త్రాగదలచినవారు ఏమి చేయవలెను? మంచి గోధుమలను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తిన పిమ్మట, లోతులేని పళ్ళెమున మట్టిపై పలుచగా పఱచి నీరు చిలకరింపవలెను. వారము పది దినములలో జానెడు గడ్డి పెరుగును. మట్టికి అంటుకొనకుండ పైభాగమును కోసి, శుభ్రముగా కడిగి, నూఱి వడగట్టి, ఒకటి రెండు ఔన్సులు త్రాగిన చాలును. బూజుపట్టిన పళ్ళెమును పారవేయవలెను. వండని ఆకు కనుక గర్భిణులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు దీనిని మానుట మంచిది. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిను వాడువారు, ఇందు విటమిను-కె ఉండుటచేత, వైద్యుని అడిగియే త్రాగవలెను. గోధుమ పడని ఉదరవ్యాధి కలవారును జాగ్రత్త వహింపవలెను. అన్నిటికిమించి, మధుమేహమునకో రక్తపోటునకో క్యాన్సరునకో వైద్యుడిచ్చిన మందును ఈ గ్లాసును నమ్మి మానరాదు. ఈ రసమువలన ఎందఱు బాగుపడిరో చెప్పువారు పెక్కండ్రు. మందు మాని మరణించినవాడు వచ్చి సాక్ష్యము చెప్పజాలడు.

గడ్డిని వడగట్టినప్పుడు పీచు పిప్పిలో పోవును. ఆకుకూరను వండి తిన్నచో పీచుతో సహా దక్కును. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత తెలుగువారి స్వభావమును చక్కగా ఎఱిగినది. మునగాకున కాల్షియము, ఇనుము, విటమినులు నిండియున్నవి. ఆషాఢమున మునగాకు తినవలెనను వాడుక పెద్దల అనుభవమునుండి పుట్టినదే. తోటకూర, పొన్నగంటికూర, మెంతికూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర - వీనిలో ఏదో యొకటి దినమున కొక గుప్పెడు పప్పులో పడినచో దూరదేశపు పొడి అవసరముండదు. ఆకులోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసమో, ఉసిరికయో తోడు కావలెను. భోజనము ముగియగనే తేనీరు త్రాగుట ఆ ఇనుమును వ్యర్థముచేయును. ఫోలిక్ ఆమ్లము అధికవేడికి నశించును కనుక ఆకును అతిగా ఉడికింపరాదు.

తెల్లబియ్యమును ఒక్కసారిగా విడువనక్కఱలేదు. దినమున ఒక పూట దంపుడు బియ్యమో, జొన్నరొట్టెయో, కొఱ్ఱల అన్నమో అలవరచుకొనిన క్రమముగా నాలుకయే దారికి వచ్చును. ప్రొద్దుట రాగిజావ, సాయంకాలము మొలకెత్తిన పెసలు, చేతికందిన జామపండు - వీనికి ధనము కావలసినదానికంటె శ్రద్ధ ఎక్కువ కావలెను.

ఈ శ్రద్ధకు పుట్టినిల్లు పాఠశాల. 2023లో ఆంధ్రప్రదేశపు పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ ప్రవేశపెట్టబడెను. అచ్చటి బడిభోజనమునకు నేడు, గోదావరీతీరమున ఆకలిగొన్నవారికి వేళకాని వేళ అన్నముపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టబడినది. ఆ భోజనము నడచు ఆవరణమునందే ఒక మూల నాలుగు మడుల ఆకుకూర వేయించుట, కంచెవెంట రెండు మునగచెట్లు నాటించుట ఉపాధ్యాయునకు అసాధ్యము కాదు. గోధుమ నారును గూడ పెంపవచ్చును. రెండు పళ్ళెములలో విత్తి, ఒకదానిని వెలుతురున, ఒకదానిని చీకటిగదిలో నుంచినచో, ఒకటి పచ్చగా, ఒకటి పాలిపోయి పసుపుగా మొలచును. పత్రహరితమన నేమో, సూర్యరశ్మి దానికేల కావలెనో పిల్లలు పుస్తకములేకయే గ్రహింతురు. ఆ పచ్చని పళ్ళెమును చూపి ఇది సర్వరోగనివారిణి యని చెప్పుట సులభము. ఇది ఒక ఆకు. దీనిలో ఇది యున్నది, ఇది లేదు. మీ పెరటిలోని ఆకును దీనికి తీసిపోదు అని చెప్పుటయే చదువు.

ఒకనాడు అన్నము తెల్లగా నుండవలెనను మోజుతో బలమును గేదెగోలెమున పోసికొన్న జాతికి, నేడు బలమంతయు ఒక్క పచ్చని గ్లాసులో నున్నదను మోజు రాకుండుగాక. గోధుమ గడ్డి త్రాగువారు త్రాగుదురుగాక. కాని అది విస్తరి ప్రక్కన నుండవలసిన వస్తువేగాని విస్తరికి బదులు కాదు. ముడిధాన్యపు ముద్ద, పప్పు, ఆకుకూర, పెరుగు, ఒక పండు నిండుగా వడ్డించిన విస్తరి ముందు కూర్చున్న బాలిక చెక్కిళ్ళకు ఎఱ్ఱదనము వచ్చిననాడు, సుబ్బారావు జీవితమంతయు వెదకిన సమాధానము ఆమె గ్రామమునకును చేరినట్లగును.